వదులు

ఎడమ కాలు ఇంకా పైకే ఉంది. మోకాలు వంగి, పాదం ఏదో మెట్టు అంచున మోపినట్టు, మడమ కింద ఖాళీ, బరువంతా వేళ్ళ మీద. ఎంతసేపని ఇలా నిలబెడతారు, తిమ్మిరెక్కదూ అనుకుని, "కాలు కొంచెం దించుకోవచ్చా?" అని అడిగాడు. తల దగ్గర స్టూలు మీద కూర్చున్న నర్సు వంగి చూసి నవ్వింది. "మీ కాలు చాపే ఉందన్నా. పడుకోబెట్టి పావుగంట దాటింది." అవతల మీటలేవో తిప్పుతున్న మత్తు డాక్టరు ఇది రోజూ చెప్పే మాటే అన్నట్టు చెప్పాడు. వెన్నులో సూది పనిచేసే వేళకి కాలు ఎలా ఉందో మెదడు అదే గుర్తు పెట్టుకుంటుందట, ఆ తర్వాత కాలి నుంచి కబురు రాదు కాబట్టి పాత కబురునే పట్టుకుని వేళ్ళాడుతుందట. నిజమే, సూది వేసేటప్పుడు బల్ల అంచున కూర్చోబెట్టి పాదాలు చిన్న మెట్టుపీట మీద పెట్టించారు. సరే, అతనికి అర్థమైంది. కాలికే అర్థం కాలేదు. అది ఇంకా మెట్టు మీదే ఉంది.

ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టారు. దానికి ఇవతల తల, రెండు చేతులు, ఒక నర్సు, గోడ గడియారం. అవతల అతని సొంత కాలు, దాని చుట్టూ ముగ్గురు మనుషులు, అతనికి కనబడని పని. తొమ్మిదీ పది. గంట పడుతుందన్నారు, మహా అయితే గంటంబావు. నిద్రమందు కలపమంటారా అని అడిగితే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో తనకే తెలియదు, మెలకువగా ఉండి ఇక్కడ ఊడబొడిచేదేం లేదు. కానీ ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ సామాన్లు ఎత్తి దించినవాడు, తన వస్తువు ఒకటి ఎవరో ఎత్తి దించుతుంటే కళ్ళు మూసుకోలేడు. ఆ ఇళ్ళవాళ్ళు కూడా అంతే కదా, గదులన్నీ ఖాళీ అయ్యేదాకా కూర్చోరు, గుమ్మంలో నిలబడి జాగ్రత్త, జాగ్రత్త అంటూనే ఉంటారు. విసుక్కునేవాడు లోపల్లోపల. ఇప్పుడు తనే గుమ్మంలో ఉన్నాడు.

పెట్టె వచ్చాకే సూది వేస్తామని ముందే చెప్పారు. పొద్దున్నే వచ్చింది, మూటకట్టినట్టు నాలుగు వైపులా టేపు వేసిన తెల్ల పెట్టె. డాక్టరమ్మ దాన్ని అతని కళ్ళెదుటే తెరిపించింది. పేరడిగింది, చెప్పాడు. పుట్టిన తేదీ అడిగింది, చెప్పాడు. ఏ కాలని అడిగింది, ఎడమ అన్నాడు, తొడ మీద నల్ల సిరాతో గీసిన బాణం కూడా అదే చెప్పింది. అప్పుడు చిన్న గాజుసీసా పైకెత్తి చూపించింది. లేత గులాబీ రంగు నీళ్ళు, అడుగున పాలచుక్క పడి విరిగినట్టు తెల్లటి మసక. "ఇవి మీరే" అందామె. సీసాకి నమస్కారం పెట్టబోయి, చేతికి సెలైన్ గొట్టం ఉందని ఆగిపోయాడు. తనకు తాను నమస్కారం పెట్టుకోవడమేమిటి, ఇంట్లో చెబితే నవ్విపోతారు.

ఆరు వారాల కిందట మోకాలికి చిన్న రంధ్రం పెట్టి రెండు బియ్యపుగింజలంత ముక్కలు తీశారు. దెబ్బ తగిలినచోట కాదు, పక్కగా, పై అంచున. "అక్కడ బరువు పడదు, తీసినా నష్టం లేదు" అంది డాక్టరమ్మ. ఆ మాట అతనికి చాలా రోజులు నచ్చింది. ఇంత ఒంట్లో, ఇరవై ఏళ్ళు బీరువాలూ ఫ్రిజ్జులూ మోసిన మోకాల్లో, బరువనేదే ఎరగని ఒక మూల ఉందన్నమాట. ఆ మూలలోంచి తీసిన కణాల్ని వేరే ఊళ్ళో ల్యాబుకి పంపారు. ఒంటి వెచ్చదనమే ఉండే అలమరలో పెట్టి, రెండ్రోజులకోసారి మేత మార్చి, వేలల్లో ఉన్నవాటిని లక్షలు చేశారు. ఇంట్లో అతని భార్య, "పిల్లల్ని హాస్టల్లో వేసినట్టుంది, వేళకి తిండి పెడుతున్నారో లేదో" అని బెంగ నటించేది. కూతురికి తొమ్మిదేళ్ళు, అది నిజంగానే బెంగపడింది. "అవి మనల్ని మర్చిపోతే ఎట్లా నాన్నా?" అనడిగింది. మర్చిపోవు, నా రక్తమే కదా అన్నాడు. అన్నాక ఆ మాట నాలుక మీద కొంచెం చేదుగా తగిలింది. ఎందుకంటే వారం కిందటే అది మరో ప్రశ్న వేసింది, బాబాయి ఎందుకు రావట్లేదని. దానికి అతను జవాబు చెప్పలేదు. పనుంటుందిలే అన్నాడు. ఆదివారాలు కూడా పనేనా అంది. ఆదివారాలు కూడా అన్నాడు.

తెర వెనక నుంచి చప్పుళ్ళు వస్తున్నాయి. ఏదో పీలుస్తున్న గొట్టం గరగర, పళ్ళెంలో ఇనుము మీద ఇనుము పెట్టిన శబ్దం, ఆ తర్వాత మెల్లగా, తీరిగ్గా, గోకుతున్న చప్పుడు. నొప్పి లేదు. గోకుతున్నారని మాత్రం తెలుస్తోంది, పక్కింట్లో ఎవరో గోడకి సున్నం గోకుతున్నట్టు. "అంచు నిలువుగా రావాలి" అంటోంది డాక్టరమ్మ తన అసిస్టెంటుతో. "చెదిరిన అంచు కొంచెం ఉంచినా కొత్తది పట్టదు. గట్టి గోడ దొరికేదాకా గోకు." మొదటిసారి చూపించుకున్నప్పుడు, గుజ్జు అరిగిపోయిందా డాక్టరుగారూ అని అడిగితే, ఆమె కళ్ళజోడు తీసి, "అందరూ గుజ్జంటారు. గుజ్జు కాదండీ అది. పింగాణీ పళ్ళేనికి మెరుపు పూత ఉంటుంది చూడండి, అట్లాంటిది. మీకు అరగలేదు, పెచ్చు ఊడింది. చొక్కా బొత్తామంత. కీలు మార్చే వయసు కాదు మీది, నలభై రెండే. మీ పూతనే మీకు పెంచి పెడదాం. పట్టిందా, ఏడాదికి మళ్ళీ మెట్లెక్కుతారు. పట్టకపోతే ఇంకో దారి చూద్దాం" అంది. పట్టకపోతే అన్న మాటని ఆమె మెత్తగా అనలేదు, గట్టిగానూ అనలేదు, బల్ల మీద పెట్టి ఊరుకుంది. అందుకే ఆమెని నమ్మాడు.

"ఎత్తు." "చాలు." "ఇటు తిప్పు, ఇంకొంచెం, ఆగు." తెర వెనక మాటలన్నీ ఇంతే. ఇద్దరు మనుషులు ఒకే వస్తువు మీద పనిచేస్తున్నప్పుడు వాక్యాలకి చోటుండదు. అతనికి ఇది తెలుసు. పదిహేనేళ్ళు అతనూ తమ్ముడూ మెట్ల మీద మాట్లాడుకున్నది ఈ నాలుగైదు మాటలే. ఎత్తు, దించు, ఆగు, మలుపు, నీ వైపు, నా వైపు. బరువుకి కింద అతను, పైన తమ్ముడు, మధ్యలో ఎవరిదో సోఫా, ఎవరిదో మంచం, ఎవరి తాతదో రాతబల్ల. వస్తువు అడ్డం, అవతలివాడి మొహం కనబడదు, గొంతు ఒక్కటే. తమ్ముడు మామూలుగానే మాటలు తక్కువ మనిషి, పదిమందిలో కూర్చుంటే ఉన్నాడో లేడో తెలియదు. పని చేసేటప్పుడు ఇంకా తక్కువ. కానీ అతని 'ఊ'లోనే అన్నీ ఉండేవి. పట్టు దొరికిన ఊ వేరు, అలిసిపోయిన ఊ వేరు, అన్నయ్యా కాస్త ఆగు అని చెప్పలేక అనే ఊ వేరు. ఆ తేడాలు పెళ్ళాం మాటల్లో కూడా అంత బాగా పట్టుకునేవాడు కాదు, దానికామె ఒకసారి అలిగింది కూడా.

కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. ఏ మెట్టో ఇప్పుడు అతనికి తెలుస్తోంది. మూడో అంతస్తు నుంచి దిగుతుంటే రెండో మలుపుకి పైన ఆరో మెట్టు. ఆ రోజు ఉదయం ఎండ మెట్లకిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. రిటైరైన టీచరమ్మ ఇల్లు మారుతోంది, ఒక్కర్తే, చిన్న ఇంటికి. లిఫ్టులో పట్టని సామాను ఒకటే ఉంది, కర్ర బీరువా, తలుపుకి నిలువుటద్దం. అద్దం విప్పుతామంటే ఆవిడ ఒప్పుకోలేదు, మరలు పాతవి, విరుగుతాయి నాయనా అంది. సరేనని దుప్పటి చుట్టి, అడుగున పట్టీ వేసి, పట్టీ కొస అతను భుజాన తగిలించుకున్నాడు. బీరువాని తమ్ముడి వైపు వాల్చి, మెట్టుమెట్టుగా దింపుతున్నారు. అతను వెనక్కి నడుస్తూ దిగుతున్నాడు, మొహం బీరువా తలుపుకి బెత్తెడు దూరంలో. రెండో మలుపుకి పైన దుప్పటి జారింది. అద్దం బయటపడింది. మెట్లదారంతా మాయమై అతని మొహం అతనికే ఎదురైంది, చెమట, ఉబ్బిన నరం, ఎర్రటి కళ్ళు. అప్పుడే భుజం మీద పట్టీ బకిలు జారడం తెలిసింది. ఒక అంగుళం. ఇంకో అంగుళం. "వదులు!" అన్నాడు.

పట్టీ వదులైందని చెప్పాడు. పట్టీ వదులు. అంతే, ఇంకేం లేదు. కానీ నోట్లోంచి వచ్చింది ఒక్క మాటే. పట్టీ అనే మాట లోపలే ఉండిపోయింది, అద్దంలో తన పెదాలు ఆ ఒక్క మాటకే కదలడం కళ్ళారా చూశాడు. పైన తమ్ముడు వదిలాడు.

తర్వాత జరిగింది క్షణం కూడా పట్టలేదు. బరువంతా ఒక్కసారిగా మీదికొచ్చింది, ఎడమ కాలు మెట్టు మీదే ఉండిపోయి ఒళ్ళు తిరిగింది, మోకాలు రాతి అంచుకి కొట్టుకుంది. బీరువా రెయిలింగుకి ఆని ఆగింది. అద్దం పగల్లేదు. అది ఇప్పటికీ అతనికి ఒకరకంగా వింతే, అంత బరువు, అంత చప్పుడు, అద్దం మీద గీత కూడా పడలేదు. మలుపు మీద వెల్లకిలా పడి ఉండగా తమ్ముడు రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు, మొహంలో రక్తం లేదు. టీచరమ్మ పైనుంచి దేవుడా దేవుడా అంటోంది. గంటకల్లా ఆసుపత్రికి అతని భార్య వచ్చింది, పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి అలాగే, మెడలో కొలతల టేపుతో. "ఏమైంది? ఎట్లా అయింది?" అని తమ్ముణ్ణే అడిగింది. తమ్ముడు గోడ వైపు చూస్తూ, "వదిలేశాను వదినా" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని అతను మంచం మీంచి ఎదురుచూశాడు. నువ్వే కదన్నయ్యా వదలమన్నావు అంటాడని. అనలేదు. అతనూ అనలేదు. ఆ రోజు నొప్పి. అది నిజం. మర్నాడు నొప్పి తగ్గింది, కానీ అప్పటికే ఆమె మరిదిని అనాల్సినవన్నీ అనేసింది. పదిహేనేళ్ళు వెంట తిరిగి ఇదా నేర్చుకున్నది, ఆయన మిమ్మల్ని చేయి పట్టుకుని నడిపిస్తే మీరు చేయి వదిలేశారా అని. ఇప్పుడెలా చెప్పడం, మొహం చెల్లొద్దూ. మూడో రోజు ఇంకా కష్టమైంది. ఇలాంటివి చెప్పాల్సినప్పుడు చెప్పకపోతే రోజురోజుకీ బరువెక్కుతాయి, కానీ ఎత్తి చూస్తే తప్ప బరువెంతో తెలియదు, అతను ఎత్తి చూడలేదు.

అదొక్కటే కాదు. తెరకి ఇవతల, కాళ్ళు లేని మనిషిలా పడుకుని, అబద్ధమాడాల్సిన పని ఎవరితోనూ లేకుండా, అతను ఇంకో సంగతి కూడా ఒప్పుకున్నాడు. తప్పు తమ్ముడిది కావడం హాయిగా ఉండేది. కుంటుకుంటూ బాత్రూముకి వెళ్ళేటప్పుడు, సామాన్లు చేరవేసే కంపెనీ ఆఫీసులో కూర్చుని ఇంకెవరో చేసే పనులకి ఫోన్లెత్తేటప్పుడు, రాత్రి మోకాలు సలిపేటప్పుడు, ఒకడి వల్ల నాకిలా అయింది అనుకుంటే నొప్పికి తలగడ దొరికినట్టుండేది. భార్య జాలిపడేది. తోటివాళ్ళు తమ్ముణ్ణి ఒక్క మాటైనా అనకుండా ఉండలేకపోయేవాళ్ళు. నెల తిరక్కుండా వాడు పని మానేసి ఊరి చివర గోదాములో చేరాడు, సరుకు ఎత్తే బండి నడుపుతున్నాడట. బండికి మాటలక్కర్లేదు, మీట నొక్కితే ఎత్తుతుంది, మీట నొక్కితే దించుతుంది. ఆ వార్త విన్నప్పుడు కూడా అతను నోరు మెదపలేదు. ఎనిమిది నెలలు. మంచివాడిగా, బాధితుడిగా, ఇంట్లో కుర్చీలో కాలు చాపుకుని.

"కొంచెం వదులు" అంది డాక్టరమ్మ.

 పక్కన అతని గుండె లెక్కపెడుతున్న యంత్రం టిక్కుటిక్కులు కాస్త తొందరపడ్డాయి, నర్సు తలెత్తి చూసింది. తెర వెనక అసిస్టెంటు గొంతు, ఎవరో కుర్రడాక్టరు, నిదానంగా అడిగాడు. "ఏది మేడమ్? కొక్కెమా, తొడ పట్టీయా?" "కొక్కెం" అందామె. "సరే మేడమ్." అంతే. పని సాగిపోయింది. గోకుడు ఆగి, గొట్టం పీల్చి, మళ్ళీ ఇనుము చప్పుడు. రెండు క్షణాల సంగతి, వాళ్ళు ఈపాటికి మర్చిపోయే ఉంటారు. ఏది అని అడిగాడు. ఒక్క మాట. ఆ మెట్ల మీద ఆ మాటకి వ్యవధి లేదు, ఆ మాట అడగలేదని తమ్ముణ్ణి ఎవరూ అనలేరు, చేతుల్లో వంద కిలోలు వాలుగా ఉన్నాయి. కానీ తర్వాత వ్యవధి ఉంది. ఎనిమిది నెలలు ఉంది. ఏది, ఏమన్నావు, ఎందుకన్నావు, ఎవరూ అడగలేదు. అడగాల్సిందీ చెప్పాల్సిందీ తనే.

"ఏమన్నా, నొప్పి తెలుస్తోందా?" అని నర్సు అడిగింది. లేదన్నాడు. "చెమట పడుతోంది" అని నుదురు తుడిచింది. ఆమె చేతికి సబ్బు వాసన. ఇందాక గదిలోకి తోసుకొస్తున్నప్పుడు వరండాలో బెంచీ కనబడింది. బెంచీకి ఈ చివర అతని భార్య, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు. ఆ చివర తమ్ముడు. ఎవరు చెప్పారో, ఎవరూ పిలవలేదు. గోదాము చొక్కాతోనే వచ్చాడు, జేబు మీద నంబరు. ఇద్దరి మధ్యా నలుగురు కూర్చునేంత ఖాళీ, అందులో ఎవరూ కూర్చోలేదు. తోపుడుమంచం దాటుతుంటే తమ్ముడు లేచి నిలబడ్డాడు, చెయ్యి మంచం కడ్డీ మీదికి వచ్చి, తగలకుండానే వెనక్కి వెళ్ళింది.

"ఇప్పుడు పోస్తున్నానండీ" అంది డాక్టరమ్మ, ఈసారి గొంతు పెంచి, అతనితో. "మీ కణాలే, జిగురులో కలిపి. అయిదు నిమిషాల్లో గట్టిపడుతుంది. అందాకా ఇక్కడెవరూ కదలరు. మీరు ఎలాగూ కదల్లేరు. దగ్గు వస్తే ముందు చెప్పండి."

దగ్గు రాలేదు. గది అంతా ఒక్కసారిగా ఊరుకుంది. గొట్టం ఆపేశారు. ఎవరో కాలు మార్చి నిలబడిన చప్పుడు, అంతే. గడియారంలో పెద్ద ముల్లు కదలడం ఇంత నిదానమని అతనికి తెలియదు. అవతల, తన కాలిలో, తను చూడని బొత్తామంత గుంటలో, తనవే అయిన కొన్ని లక్షల ప్రాణాలు గోడలు తడుముకుంటున్నాయి. బరువు పడని మూలలో పుట్టినవి, వెచ్చటి అలమరలో పెరిగినవి, ఇప్పుడు తిన్నగా బరువు పడేచోటే కాపురానికి వచ్చాయి. వాటికేమీ తెలియదు, పాపం. ఆరు వారాలు కాలు నేల మీద మోపకూడదని, రోజూ యంత్రం మీద పెట్టి మెల్లగా వంచాలని, మూడు నెలలు కర్రలని, ఏడాదిదాకా బరువెత్తొద్దని రాసిచ్చారు. అన్నిటికీ సరేనన్నాడు. ఏడాది తర్వాత కూడా మూడంతస్తుల మీంచి బీరువాలు దింపలేనేమో, అది కూడా డాక్టరమ్మ దాచలేదు. ఆశ్చర్యంగా ఆ మాటకి ఇప్పుడు భయం వేయడంలేదు. ఆ పని పోతే ఇంకో పని. కానీ ఆ మెట్ల మీద అన్న మాట అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు వెళ్ళి దింపేదాకా.

ఎవరికి ముందు చెప్పాలి? తమ్ముడికా, భార్యకా? తమ్ముడికి చెప్పడం తేలిక, వాడు ఊ అంటాడు. ఆమెకి చెప్పడమే. కళ్ళజోళ్ళ దుకాణంలో పదేళ్ళుగా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి, మిల్లీమీటరు తేడా వస్తే అద్దం వెనక్కి పంపే మనిషి. ఆమెకి విడిగా చెప్పి, వాడికి విడిగా చెప్పి, ఇద్దరి దగ్గరా రెండు రకాలుగా సర్దుకోవచ్చు, నోరు ఇప్పటినుంచే అందుకు సిద్ధపడుతోంది కూడా. వద్దు. ఇద్దరూ ఉండగానే. ఒకేసారి. అప్పుడు మాట మారడానికి వీలుండదు.

"పట్టింది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు వంచి చూద్దాం." తెర పైన అతని మోకాలు లేచింది. మొదటిసారి చూశాడు దాన్ని, పసుపు మందు పూసి, ఎవరిదో పరాయి మోకాల్లా, లేచి, వంగి, దిగింది. పది సార్లు. ఆమె ప్రతిసారీ లోపలికి వంగి చూసింది. "కదల్లేదు. మొండివే మీ కణాలు" అంది, గొంతులో నవ్వుంది. అతనికి కూడా నవ్వొచ్చింది, నవ్వుతుంటే కంటికొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, నర్సు దూదితో అద్దింది.

పదీ ఇరవైకి పక్క గదిలోకి మార్చారు. కిటికీ ఉంది, ఎండ ఉంది, గోడకి రెండు కుర్చీలు. ముందు భార్య వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి, "బాగా జరిగిందంట. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. మీ కణాలు మొండివంట, నాకు తెలియనిదా అన్నాను" అంది. గుమ్మం దగ్గర తమ్ముడు నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియక.

"లోపలికి రారా. తలుపు వెయ్యి" అన్నాడు అతను.

భార్య మొహం బిగుసుకుంది. తమ్ముడు వచ్చాడు, కూర్చోలేదు.

"నేను ఒకటి చెప్పాలి. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడితే నేను చెప్పలేను." నోరు ఎండిపోయి ఉంది, నీళ్ళు ఇంకా ఇవ్వలేదు. "ఆ రోజు వీడు తనంతట తను వదల్లేదు. నేను వదులు అన్నాను. పట్టీ వదులైందని చెప్పబోయి, వదులు అని మాత్రం అన్నాను. గట్టిగా అన్నాను. అన్నానని నాకు అప్పుడే తెలుసు. అద్దంలో చూసుకున్నాను కూడా. ఆసుపత్రిలో నువ్వు అడిగినప్పుడు తెలుసు, నువ్వు వీణ్ణి తిట్టినప్పుడూ తెలుసు. చెప్పలేదు."

కిటికీ అవతల ఏదో బండి పీప్ పీప్‌మంటూ వెనక్కి వస్తోంది. తమ్ముడు నేల వైపు చూస్తూ, "పట్టీ సంగతని నాకూ తెలుసన్నయ్యా" అన్నాడు. "మెట్ల మీద నువ్వెప్పుడూ నన్ను వదలమనలేదు, పదిహేనేళ్ళలో. మాట వినగానే తెలిసింది. చేతులే ఆగలేదు."

"మరి ఆ మాటైనా ఎందుకు చెప్పలేదురా?"

తమ్ముడు భుజం ఎగరేశాడు. ఆ భుజం ఎగరెయ్యడంలో ఏముందో, ఏ ఊ ఉందో, అతనికి ఈసారి అందలేదు. పట్టు తప్పింది, అనుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆ భాష మర్చిపోయాను.

 భార్య ఫైలు కుర్చీ మీద పెట్టింది, తిన్నగా పెట్టింది, అంచు కుర్చీ అంచుతో సమంగా వచ్చేలా జరిపింది. అప్పుడు అతని వైపు చూసింది. కోపంతో కాదు, అదే అతను తట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ళూ తను తొడుక్కున్న కళ్ళజోడు తప్పు నంబరుదని తెలిసిన మనిషిలా చూసింది.

"మీరు చెప్పలేదు. సరే, మీ దెబ్బ, మీ ఇష్టం" అంది. "కానీ ఆ మాటలన్నీ నా నోటితో అనిపించారు. దసరాకి కాదు, పబ్బానికి కాదు, ప్రతి ఆదివారం పిల్ల అడుగుతుంటే నా నోటితోనే అబద్ధం చెప్పించారు. మీరు మంచివారిగా కూర్చున్నారు. గయ్యాళిని నేనయ్యాను."

"అవును" అన్నాడు. సర్దిచెప్పడానికి ఇంకేమీ వెతుక్కోలేదు.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. ఆ రోజు ఆసుపత్రిలో మొదలుపెట్టి ఈ ఎనిమిది నెలలూ అతన్ని మీరు అంటోంది, గౌరవంతో కాదు, గడప బయట నిలబెట్టడానికి. ఇప్పుడు, "రారా" అంది.  "బయటికి రా. నీతో మాట్లాడాలి. ఈయన ముందు కాదు."

ఇద్దరూ వెళ్ళారు. తలుపు పూర్తిగా పడలేదు. అతను ఒంటరిగా పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కాలు ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బల్ల మీదికి వచ్చి చాపుకుందో, చూసుకోలేదు. ఇప్పుడు మాత్రం చాపే ఉంది. బొటనవేలు జివ్వుమంది. కదిపి చూశాడు, కదిలింది. దాని వెనకే, ఎక్కడో లోతున, మోకాలి దగ్గర, నొప్పి మొదలైంది. తలుపవతల ముందు ఆమె గొంతే వినబడింది, చాలాసేపు, ఎగుడుదిగుడుగా, మధ్యలో ఒకసారి ఆగి ముక్కు చీదుకుని మళ్ళీ. మాటలు తెలియడంలేదు. తర్వాత ఊరుకుంది. తర్వాత తమ్ముడు మొదలుపెట్టాడు.

నర్సు సూది పళ్ళెంతో వచ్చింది. "మత్తు దిగుతోంది కదా, నొప్పికి వేసేస్తానన్నా. కాసేపు మగతగా ఉంటుంది."

"కొంచెంసేపు తర్వాత వెయ్యండమ్మా" అన్నాడు.

"నొప్పిగా లేదా?"

"ఉంది."

ఆమె అర్థం కాక అతని మొహం వైపూ తలుపు వైపూ చూసింది. తలుపవతల తమ్ముడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక మాట కాదు, రెండు కాదు. వాడు అంతసేపు మాట్లాడటం ఇన్నేళ్ళలో అతను వినలేదు. ఏమంటున్నాడో తెలియడంలేదు, తనకు చెబుతున్నది కాదు కూడా. అయినా వాడు ఆపేదాకా అతను మగతలోకి జారకుండా, చెవి అటే ఉంచి పడుకున్నాడు.